మా పెరటి ఉత్తరపు దడి

పెరటి దడిని గూర్చి వ్యాసము వ్రాయ నేల యని సోదరీమణులలో కొందరు నవ్వుకొనవచ్చును. పురుషులకు దడి యనగా దొంగకును పశువునకును అడ్డము. మనకు అంతమాత్రమే కాదు. తెల్లవారినది మొదలు దీపము పెట్టువేళ దాక మన బ్రతుకులో సగము పెరటిలోనే గడచును. అంట్లు తోముట, బట్టలు ఉతుకుట, తల ఆరబెట్టుకొనుట, పసిబిడ్డకు నీరెండలో నలుగు పెట్టుట, పనులు తీరిన పిమ్మట ఎవరికొరకును పైట సవరించుకొనక కొంతసేపు ఊరక కూర్చుండుట, ఇవి యన్నియు దడి యున్నంత వరకే. దడి పడిపోయిన నాడు పెరడు వీథిలో కలిసిపోవును. మాకు 2019 వేసవిలో అట్లే జరిగినది.

మా యూరు మాచర్ల నుండి నల్లమల వైపు పోవు దారిలో, అడవి అంచున నున్నది. శ్రీనాథ మహాకవి మా పల్నాటి రాళ్లను, జొన్నకూటిని ఎగతాళి చేసెనని చెప్పుకొందురు. ఆ రాళ్లే నేడు మాకు గోడలు. పెరటికి తూర్పున నిలువుగా పాతిన నాపరాళ్లు, పడమర గొడ్ల పాక, దక్షిణమున ఇల్లు. ఉత్తరమున మాత్రము 60 అడుగుల పొడవున తాటాకు దడి యుండెడిది. దాని వెంబడి లోపలివైపున ఒక ముసలి చింతచెట్టు. దడి కావల బండ్లబాట. పొలములకు పోవువారును, మేకల మందలును ఆ బాటనే నడుచును. స్నానపు గది యనబడు మూడు నాపరాళ్ల మరుగు కూడ ఆ చింతచెట్టు నీడనే, దడివైపు తెరచియుండునట్లు కట్టబడినది. మామగారి కాలమున దడి యుండగా నాలుగవ రాయి దేనికని వదలిపెట్టిరట.

ఆ యేడు వైశాఖములో వచ్చిన గాలివానకు తాటాకు దడి మొదలంట పడిపోయినది. మరల కట్టింతమన్నచో, తాటాకు దడి కట్టు పనివారు ఒక్కొక్కరే ముసలివారై పోయిరి. వారి కొడుకులు ఆ పని నేర్వలేదు. పచ్చని వలగుడ్డ కొనితెచ్చి గుంజలకు బిగించితిమి. ఒక్క వేసవిలోనే కోతులు దానిని ఉయ్యాల చేసికొని చీల్చివేసినవి.

మా అత్తగారికి అప్పటికి డెబ్బదియేండ్లు దాటినవి. నోరు తెరచి ఏమియు అనలేదు. కాని తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, చీకటిలో తడుముకొనుచు పోయి స్నానము చేసి వచ్చుట మొదలుపెట్టిరి. పుష్యమాసపు చలిలో కూడ మానలేదు. ఒకనాడు చింతవేరు కాలికి తగిలి పడి, మోచేయి గీచుకొనిపోయినది. నేను కట్టు కట్టుచుండగా “వెలుతురొచ్చినాక బాట మీద జనం కదమ్మాయీ” అనిరి. అంతే. ఆ మాటతో నాకు దడి యొక ఇంటిపని గాక మనసులోని ముల్లయినది.

మావారు గోడ కట్టింతమనిరి. చింతవేళ్లు పునాదిని సాగనీయవని మేస్త్రి చెప్పెను. అయినచో చెట్టు కొట్టింతమనిరి. అత్తగారు ఆ దినము భోజనమునకు రాలేదు. ఆ చెట్టు వారి అత్తగారు నాటినది. వారు కాపురమునకు వచ్చునప్పటికి నడుమెత్తున నుండెనట. మావారు ఆ మాట మరల ఎత్తలేదు. కాబట్టి చెట్టుండవలెను, నీడయుండవలెను, ఆ నీడలోనే ఏడాది పొడవున ఆకు రాలక నిలువెత్తు మరుగునిచ్చు మొక్కలు పెరుగవలెను.

ఇది అంత కష్టమని నేను మొదట తలపలేదు. 2019 వానలలో అడిగిన వారినెల్ల అడిగి మందార కొమ్మలు, గోరింట కొమ్మలు తెచ్చి వరుసగా నాటితిని. మందార నీడలో పూవు తక్కువైనను ఆకు బాగుగనే వేసినది. గోరింట ఎండ బిడ్డ. నీడను చూచి అలిగి, సన్నని పుల్లలై పైకి సాగినది. అటునుండి చూచువానికి ఇటువైపు అంతయు కనబడును. పోనిమ్ము, మందారయైనను దక్కినదనుకొంటిని. 2020 చైత్రమాసమున ఒకనాటి ఉదయము లేచి చూచితిమి గదా, మందార వరుసంతయు మోకాలెత్తున మోళ్లై యున్నది. తడినేల మీద గిట్టల గుర్తులు, రెండు చీలికలుగా, మేకగిట్ట కంటె సన్ననివి. దుప్పులు వచ్చిపోయినవి.

దుప్పి, కణుజు, అడవిపంది యనునవి మా ప్రాంతమునకు క్రొత్తవి కావు. మావారి తాతగారి కాలమున వేట యుండెడిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. నాగార్జునసాగరు, శ్రీశైలముల నడుమనున్న అడవి 1978లో అభయారణ్యమును, 1983లో పులుల రక్షితారణ్యమును ఆయెను. ఇది మంచిదే. కాని వేసవిలో అడవిలోని మడుగులెండి, గడ్డి మాడి, ఆకురాలినప్పుడు, రెంటచింతల యెండల పేరు ప్రతియేడు పత్రికలలో చదువు మీకు వేరుగ చెప్పనేల, ఆ నోరులేని ప్రాణులు పచ్చనిది ఎక్కడ కనబడిన అక్కడికి రాక ఏమి చేయును? మా చింతచెట్టు క్రింద రాలిన పూతయు, కాయయు వానికి మొదటి పిలుపు. చెంతనే తడిసిన మందార రెండవ పిలుపు. విందునకు పిలిచి, వచ్చినందులకు కోపించినట్లున్నది నా పని.

ఆ యేటి వానలలో పట్టణమునుండి నర్సరీ మొక్కలు తెప్పించితిమి. బంగారురంగు ఆకుల దురంత యట. కత్తిరించిన కొలది గుబురగునట. అమ్మినవానికి నీడ యని చెప్పితిమి. “ఎక్కడైనా పెరుగుతుందమ్మా” అనెను. సంక్రాంతి నాటికి దాని బంగారము ఆకుపచ్చయై, ఆకుపచ్చ పలుచనై, క్రింది కొమ్మలు బోడియై నిలిచినది. మొక్కకు ఎంత యిచ్చితిమో ఇక్కడ వ్రాయను. మావారు పత్రిక చదువుదురు.

2021 వేసవిలో జరిగినది వ్రాయుటకు చేయి సాగదు. అయినను వ్రాయకున్న ఈ కథకు అర్థము లేదు. బాట కావలి చేని రైతొకడు, పేరెందుకు, పందుల బాధ పడలేక చేను చుట్టును తీగ కట్టి రాత్రులందు కరెంటు వదలుచుండెను. సౌరశక్తితో ఉండియుండి చురుక్కుమనిపించి వదలివేయు కంచెలు కలవు. ఇది ఆ రకము కాదు. స్తంభమునుండి నేరుగ తగిలించినది. ఒకనాటి వేకువను అత్తగారు అలవాటు చొప్పున పెరటిలోనికి పోయి కేక వేసిరి. నేను పరుగెత్తితిని. బాట కావల తీగనంటి, ఒంటినిండ తెల్లని చుక్కలతో ఒక దుప్పిపిల్ల పడియున్నది. కాళ్లు బిగిసిపోయినవి. కొంచెము దూరమున, తుమ్మచెట్ల చాటున, తల్లి కాబోలు, కదలక నిలిచి యున్నది. తెల్లవారులోపల ఎవరో వచ్చి దానిని తీసికొనిపోయిరి.

మావారు ఆ వారమే ఒక తీగచుట్టకు ధర అడిగి వచ్చియుండిరి. అటువంటి తీగ కట్టుట నేరమనియు, దానివలన మనుష్యులు కూడ చచ్చుచున్నారనియు వారికి తెలియని సంగతి కాదు. విసిగిన వేళ మనుష్యునకు తెలిసినది కూడ తెలియదు. నేను ఒక్క మాట మాత్రము అడిగితిని: “ఆ తీగకు దుప్పి యెవరో, చీకట్లో స్నానానికి పోయే అత్తయ్య యెవరో తెలుస్తుందా అండీ?” వారు చాలసేపు మాటాడక, తీగచుట్ట ధర వ్రాసికొన్న కాగితమును చింపి పొయ్యిలో వేసిరి.

నాకు దారి చూపినది గ్రంథము కాదు, మేకల అవ్వ. ప్రతిదినము మా దడి ప్రక్క బాటను ముప్పది మేకలను తోలుకొని పోవు ముసలామె. పల్నాటిలో అడవి, మేత, పశువు అను మాటలు తేలిక మాటలు కావు. అడవిలో పశువులను మేపుకొన్నందుకు పుల్లరి కట్టుమన్న ప్రభుత్వము నెదిరించి 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు ప్రాణమిచ్చిన సీమ యిది. ఆ కథను అవ్వ తన తాత చెప్పగా విన్నదట. ఆమెతో నా దురంత గోడు వెళ్లబోసికొనగా విని, “ఎవురినో అడుగుతావేంది తల్లీ, నా మేకల్ని అడుగు. మేక నోరు పెట్టందానికి దుప్పీ నోరు పెట్టదు. ఆకలి ముదిరితే మాత్రం రెండూ ఏదైనా నవులుతై. నా యెనకమాల నడిచి రా” అన్నది.

నడిచితిని. గొడుగు పట్టుకొని మేకల వెంట పోవుచున్న నన్ను చూచి ఊరివారేమనుకొనిరో గాని, ఆ ఒక్క ఉదయమున నేను నేర్చినది రెండేండ్ల తప్పులలో నేర్వలేదు. మేకలు రేగును విడువవు, తుమ్మ కొనలను విడువవు, అవిసెను చూచిన ముందుకాళ్లెత్తి నిలుచును. జిల్లేడు చెంత ఆగవు. వావిలి పొదను మూచూచి తల తిప్పుకొనును. వాగు గట్టున మద్దిచెట్టు క్రింద, మిట్టమధ్యాహ్నమున కూడ ఎండ సోకని చోట, ముదురాకుపచ్చగా ఒక పొదల వరుస యున్నది. మేకల మంద దాని నడుమనుండి పోయినది. ఒక్క ఆకు తెగలేదు. “అడ్డసరం” అన్నది అవ్వ.

దగ్గునకు కషాయము కాచు ఆ యాకు నాకు తెలియనిది కాదు. అది దడి కాగలదని మాత్రము తోపలేదు. తరువాత చదివితిని: 1753లో స్వీడను దేశపు లినేయసు పండితుడు మొక్కలకు పేర్లు పెట్టుచు దీనికి ‘అధతోడ’ అని పెట్టెను. అది అరవ మాట. ఆడు అనగా మేక, తొడా అనగా ముట్టదు. ఎక్కడి స్వీడను, ఎక్కడి మేకల కాపరి! మా అవ్వ మాటయే ఆ శాస్త్రగ్రంథములోనికి ఎక్కియున్నది.

అవ్వ చూపిన వానిలో నేను వలదన్నవి కూడ కలవు. గన్నేరు, పచ్చగన్నేరు అందమైనవి, ఎండకు ఓర్చును, ఏ పశువును ముట్టదు, ఏలయన నిలువెల్ల విషము. దూడలును పసిపిల్లలును తిరుగు పెరటిలో అదేల యని నేననుకొనుచుండగనే అత్తగారు “ఆడవాళ్లున్న ఇంట్లో ఆ చెట్టు వద్దమ్మాయీ” అనిరి. వారి ముఖము చూచి నేను కారణ మడుగలేదు. కాడజెముడు పాలు కంటబడిన ప్రమాదము. పైగా దానికి ఎండ కావలెను. ఇక సర్కారు తుమ్మ. 1877లో కడపజిల్లా కమలాపురము ప్రాంతమున వంటచెరకునకై విత్తబడిన ఆ పరదేశపు చెట్టు నేడు మన బీళ్లనెల్ల ఆక్రమించినది. మేకలు దాని ఆకును ముట్టవు గాని కాయను తిని, విత్తనమును ఊరంతట పంచిపెట్టును. దానిని పిలిచి తెచ్చుకొన్నవారికి వదలించుకొనుట యుండదు.

మా అత్తగారి చిన్నతనమున పెద్దలు నాగజెముడు కంచెల కథ చెప్పెడివారట. అదియును పరదేశపుదే. ఊళ్లకు ఊళ్లు దానితో చుట్టబడి, పొలములు మూసికొనిపోయెను. 1926లో సింహళమునుండి ఒక చిన్న పురుగును తెచ్చి దానిమీద వదలగా, తెల్లని దూదివలె పట్టి, కొలది యేండ్లలో దక్షిణదేశమున దానిని చాలవరకు రూపుమాపెను. కంచె కొరకు ఎంచుకొనిన మొక్క మనలను కంచె వేసిన కథ యది.

కంచెల మాట వచ్చినది గనుక ఇంకొకటి. వెనుక ఉత్తరదేశమున ఆంగ్లప్రభుత్వము ఉప్పు పన్ను ఎగవేయకుండుటకై వందల మైళ్ల పొడవున ముళ్లకంచె పెంచినది. 1867 మొదలు 1870 వరకు దానిపై అధికారిగా నుండిన హ్యూమ్ దొరయే 1885లో కాంగ్రెసు స్థాపకులలో ముఖ్యుడయ్యెను. రేగు, తుమ్మ, వాక, జెముడు, ఎక్కడి నేలకు తగినది అక్కడ నాటిరి. అయినను చెదలు, కార్చిచ్చు దానిని విడువలేదు. 1879లో ఆ హద్దు నెత్తివేసిరి. నేడు దాని జాడ వెదకిన గాని దొరకదు. అంతటి ప్రభుత్వమునకే సాధ్యము కాని పని నా 60 అడుగులలో సాధ్యమగునా యని ఒకటి రెండు రాత్రులు బెంగపడితిని.

ఇక నాటిన విధము. తూర్పు చివర 15 అడుగుల మేర చింతనీడ పడదు, అక్కడ వావిలి. బావి దగ్గర ఉదయపు టెండ మాత్రము తగులు మూలను రెండు నందివర్ధనములు. ఏడాది పొడవున ఆకుండును, పూజకు పూవుండును, త్రుంచిన పాలు కారును గనుక పశువు అంతగా కోరదు. తక్కిన 45 అడుగుల నీడ అడ్డసరమునకు. అడుగున్నర ఎడముగా రెండు వరుసలు, ఒక వరుస సందులో రెండవ వరుస మొక్క వచ్చునట్లు, వరుసకు 30 చొప్పున 60 కొమ్మలు. చిటికెనవ్రేలి లావున, నాలుగు కణుపులుండునట్లు కోసి, రెండు కణుపులు మట్టిలోనికి పోవునట్లు ఏటవాలుగా గ్రుచ్చవలెను.

నేను చేసిన తప్పు మృగశిర కార్తె తొలకరికే తొందరపడుట. మా పల్నాటిలో తొలకరి మురిపించి పోవును; తరువాత ఇరువది దినములు ఆకాశము రాయివలె నుండును. ఆ యేడు 60లో 19 ఎండిపోయినవి. పునర్వసు, పుష్యమి కార్తెలలో వాన కుదురుకొన్న పిమ్మట నాటినచో అట్లు జరుగదు. 2022లో, అనగా పల్నాడు వేరు జిల్లా యైన యేడే, ఆ పందొమ్మిదింటిని పుష్యమిలో నాటితిని. రెండు తప్ప అన్నియు నాటుకొన్నవి.

చింతచెట్టు క్రింద ఏమియు బ్రతుకదని అందరు ననిరి. నీడ అంత శత్రువు కాదు. చింతవేరు నీటిని మనకంటె ముందు త్రాగివేయుటయే శత్రువు. పొడుగుగా చాలు త్రవ్వినచో పెద్దవేళ్లు తెగును, చెట్టు నొచ్చును. కావున వేళ్ల సందులు చూచుకొని మొక్కకొక చిన్నగుంట త్రవ్వి, చివికిన పశువుల యెరువు మట్టితో కలిపి నింపితిమి. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మొదటి రెండు వేసవులు వానికే పోయితిని. సబ్బు నీటిని దరి చేరనీయలేదు. ఎండుటాకులు ఊడ్చి కాల్చివేయు అలవాటు మాని, మొదళ్లలో మందముగ పరచితిమి.

నీడలోని మొక్కకు ఇంకొక గుణము గలదు. వెలుతురు కొరకు పైకి సాగి, కాళ్లు బోడిచేసికొనును. మనకు మరుగు కావలసినది క్రిందనే గదా. అందుచేత మూరెడు పెరిగినప్పుడు జానెడు పైకి కోసివేయవలెను. ఎంతో కష్టముమీద పెరిగిన దానిని కోయుటకు చేతులు రావు. నేను మొదటిసారి సగము మొక్కలను కోసి, సగమును ముద్దుచేసి వదలితిని. ముద్దుచేసినవి నేటికిని దడిలో సందులుగ నున్నవి. రెండు సారులు కోసినవి మొదటినుండియే నాలుగైదు కొమ్మలు వేసి గోడవలె అల్లుకొన్నవి.

అవ్వ చెప్పినట్లు లేతదనమున దేనికిని అభయము లేదు. రెండేండ్లు బయటివైపున రేగుకంప పరచి యుంచితిమి. తరువాత తీసివేసితిమి. 2024 వేసవి మిక్కిలి కఠినముగ నుండెను. ఆ వైశాఖమున దుప్పులు మరల వచ్చినవి. నందివర్ధనపు లేతచివుళ్లు కొన్ని కొరికినవి. అడ్డసరము వరుసలో నాలుగు ఆకులు తెగి నేలమీద పడియున్నవి. కొరికి చూచి ఉమిసినవి కాబోలు. అవి చాలును వానికి, ఆకొన్న జీవికి చేదు సహించుట కూడ కష్టమే. బాట కావల మా హద్దులో ఒక పాత కుడితితొట్టి పెట్టించి వేసవి రాత్రులు నీరు నింపుచున్నాము. అందువలన దుప్పులు ఇంకను వచ్చునని మావారి వాదము. దప్పి తీరిన ప్రాణి పచ్చిమొక్కను వెదకదని నా వాదము. ఇంకను తేలలేదు.

మా ఆడపడుచు కూతురు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున కాపురమున్నది. అక్కడ తెల్లతోక లేళ్లు పట్టపగలే ఇండ్ల ముంగిట తిరుగునట. కష్టపడి పెంచుకొన్న గోంగూరను, చిక్కుడుతీగను ఒక్క రాత్రిలో మేసినవని ఫోనులో వాపోయి, “అత్తా, మీకేం, అడవి పక్కన ఉన్నారు, అలవాటే. మాకు ఊరి మధ్యలో ఈ బాధేమిటి?” అన్నది. అక్కడ రట్గర్సు విశ్వవిద్యాలయమువారు ఏ మొక్కను లేళ్లు ఎంత పాడుచేయునో చూచి, నాలుగు తరగతులుగ జాబితా వేసియున్నారు. ఆమె పొరుగువారందరు మరుగు కొరకు నాటు ‘ఆర్బర్‌వైటీ’ యను కోననాకుల చెట్టు కడపటి తరగతిలో, అనగా మిక్కిలిగ మేయబడువానిలో నున్నది. నీడకోర్చు ‘బాక్సువుడ్’ పొద, ముళ్లాకుల ‘హాలీ’ చెట్టు మొదటి తరగతిలోనివి. ఆమె బాక్సువుడ్ నాటుకొన్నది. దాని ఆకు నలిపిన ఒకవిధమైన వాసన వచ్చునట, చేదట. ఆ జాబితా చదివి వినిపింపగా మేకల అవ్వ, “అంతమంది సదువుకున్నోళ్లు కూర్సుని సెప్పింది ఇదేనా?” అని నవ్వినది.

ఆ పిల్లయే నిరుడు కానుపునకు ఇక్కడికి వచ్చెను. బాలింత స్నానమునకు వావిలాకు కొరకు ఎవరి చేనికిని పోనక్కరలేకపోయినది; తూర్పు చివరి పొదనుండి దినమొక గుప్పెడు. కొడవలి వేసిన కొలది వావిలి సంతోషించును. అడ్డసరమును గూర్చి మాత్రము ఒక హెచ్చరిక వ్రాయవలసియున్నది. దాని ఆకులోని వాసిసిన్ అను పదార్థము కఫమును కరిగించును. నేడు వైద్యులు దగ్గునకు వ్రాయు బ్రోమ్‌హెక్సిన్ మందు దానిని ఆధారము చేసికొని చేయబడినదే. కాని అదియే గర్భాశయమును బిగియజేయు గుణము కలది. గర్భిణులు ఆ కషాయమును ముట్టరాదు. దడిలో చేతికందుచున్నది గదా యని ఎవరికి బడితే వారికి కాచి పోయు ఇల్లాండ్రను నేనెరుగుదును. వారిలో నేనును ఒకప్పుడు ఉంటిని.

దడి యిప్పుడు నా భుజమునకు మించినది. ముద్దుచేసిన మొక్కలవలన మిగిలిన సందు ఒకటి సరిగా స్నానపు గది కెదురుగనే యున్నది. అక్కడ గోనెపట్టా కట్టి, ఈ పుష్యమిలో క్రొత్తకొమ్మలు గ్రుచ్చవలెనని యనుకొనుచున్నాను. ఎదురుచేని రైతు భార్య మొన్న బాటమీద ఆగి, తమ పెరటికని ఇరువది కొమ్మలు అడిగినది. వారు తీగ తీసివేసిరో లేదో నేను అడుగలేదు. కొమ్మలు కోసి యిచ్చితిని. ఆమె పోవుచు, “మావోడు చేని గట్టుకీ వేద్దామంటన్నాడు వదినా, ఇంకో వంద పుల్లలు దొరుకుతయ్యా?” అన్నది. వాన కుదిరిన తరువాత రమ్మని చెప్పితిని.

అత్తగారు నాలుగు గంటలకు లేచుట మానలేదు, అలవాటయి పోయినదందురు. కాని లేచి కూర్చుండి జపము చేసికొని, ఎండ నాపరాళ్ల మీదికి వచ్చి రాళ్లు వెచ్చబడిన పిదప, ఎనిమిది గంటలకు స్నానమునకు పోవుదురు. మేకల గజ్జెల చప్పుడు దడి వెంబడి పోవుచుండును. లోపలినుండి వారు, “ఏమే, పొద్దెక్కిందే, ఇయాళ ఆలస్యమయిందేం?” అని కేక వేయుదురు. అవతలనుండి అవ్వ జవాబు చెప్పును. ఇద్దరికి నొకరి ముఖ మొకరికి కనబడదు.